మొదళ్ళకి వెయ్యాల్సిన రంగు చివర్లదాకా ఎందుకు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 46. ఆరేళ్ళుగా ఇంట్లోనే జుట్టుకి రంగు వేసుకుంటున్నాను. మొదట్లో రెండు నెలలకోసారి వేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు మూడు వారాలు తిరక్కుండానే పాపిడి దగ్గర తెల్లగీత కనిపిస్తోంది. ప్రతిసారీ నల్లరంగు మొదళ్ళ నుంచి చివర్లదాకా పట్టించి, బాగా పట్టాలని గంటసేపు ఉంచుతాను. అమ్మోనియా లేని రంగే కొంటున్నాను. అయినా చివర్లు కొబ్బరి పీచులా తయారయ్యాయి, దువ్వితే ముక్కలుగా రాలుతున్నాయి. కణతల దగ్గరేమో ఎంత వేసినా వారానికే తెల్లబడిపోతోంది. పోయిన రెండుసార్లూ రంగు వేసుకున్న మర్నాడు చెవుల వెనక, మెడ మీద దురద పెట్టింది. రెండ్రోజుల్లో తగ్గిపోయింది కాబట్టి పట్టించుకోలేదు. గోరింటాకుకి మారిపొమ్మని మా అక్క అంటోంది. మారాలా? పార్లర్ల చుట్టూ తిరిగే ఓపిక లేదు. జుట్టు పాడవకుండా ఇంట్లోనే వేసుకునే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ‘పట్టించుకోలేదు’ అని ఒక్క మాటతో దాటేసిన దురద దగ్గరే నేను ఆగిపోయాను. జుట్టు సంగతి తర్వాత చూద్దాం. పీచైన జుట్టుని కత్తిరిస్తే మళ్ళీ పెరుగుతుంది. ఈ దురద అలా వదిలేసేది కాదు.

ఎక్కువకాలం నిలిచే జుట్టు రంగుల్లో చాలావాటికి పీపీడీ అనే రసాయనమే ఆధారం. పూర్తిపేరు పారాఫెనిలిన్‌డయమిన్. దీనివల్ల వచ్చే ఎలర్జీకి ఒక చెడ్డ గుణం ఉంది. రంగు వేసుకున్న గంటలో బయటపడదు. సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. అందుకే చాలామంది దాన్ని రంగుకి ముడిపెట్టుకోరు, చెమటకో కొత్త షాంపూకో అంటగట్టేస్తారు. ఇంకో సంగతి, ‘ఆరేళ్ళుగా వాడుతున్నాను, ఇప్పుడు కొత్తగా పడకపోవడమేంటి’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఏళ్ళ తరబడి ఊరుకున్న ఒళ్ళు ఒకరోజు ఎదురుతిరుగుతుంది. ఒకసారి తిరిగిందంటే ఇక మరిచిపోదు. మొదటిసారి దురద, తర్వాత దద్దుర్లు, ఆ తర్వాత రెప్పలు వాచి కళ్ళు తెరవలేని పరిస్థితి. అందరికీ ఇదే వరసలో జరగాలని లేదుగానీ, రెండుసార్లు హెచ్చరిక వచ్చాక మూడోసారి అదే రంగు కలపడం మాత్రం అక్షరాలా కొరివితో తల గోక్కోవడమే.

కాబట్టి రంగు ఆపండి. చర్మవ్యాధుల డాక్టర్ని కలిసి ప్యాచ్ టెస్ట్ అడగండి. అనుమానం ఉన్న పదార్థాలని చిన్నచిన్న పట్టీలతో వీపు మీద అతికించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఇంకో రెండుమూడు రోజులకి మళ్ళీ చూస్తారు. వెళ్ళేటప్పుడు మీరు వాడిన రంగు పెట్టె పట్టుకెళ్ళండి. పెట్టె పారేసి ఉంటే దాని మీద పదార్థాల జాబితా ఫోటో అయినా సంపాదించండి. ఇంట్లో చేసుకునే పరీక్ష, అంటే కొంచెం రంగు చెవి వెనక రాసి 48 గంటలు చూడటం, ఇంతవరకూ ఏ ఇబ్బందీ రానివాళ్ళ కోసం. వాళ్ళయినా ప్రతిసారీ చేసుకోవాలి, పెట్టె మీద ఉన్నట్టే చేసుకోవాలి. మీరు ఆ రంగుని ఇక చెవి దగ్గరికి కూడా రానివ్వద్దు. ఎప్పుడైనా ముఖం వాచినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

డాక్టరు ‘ఇది ఎలర్జీ కాదు, మందు ఎక్కువసేపు ఉంచడంతో చర్మం మండింది, అంతే’ అంటే ఈ కింద రాసేదంతా మీకు పనికొస్తుంది. ఎలర్జీయే అని తేలితే ఆ రంగుల దారి మూసుకుపోయినట్టే. అప్పుడు గోరింటాకు సంగతీ, జుట్టు మొత్తానికి సంబంధించిన సంగతులూ మీవి.

ఇక కొబ్బరి పీచు దగ్గరికి వద్దాం. ఒక చిన్న లెక్క వేద్దాం. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ జుట్టు ముప్ఫై సెంటీమీటర్లు ఉందనుకుంటే, కొసన ఉన్న వెంట్రుక తల మీద మొలిచి రెండున్నరేళ్ళు దాటింది. మూడు వారాలకోసారి మొత్తం జుట్టుకి రంగు పట్టిస్తుంటే, ఆ కొస ఇప్పటికి నలభైసార్లకి పైగా రంగులో నానిందన్నమాట. అందులో పనికొచ్చింది మొదటిసారి వేసినదే. మిగతా అన్నిసార్లూ నలుపు మీద నలుపు పూశారు. మొదట్లో రెండు నెలలకోసారే వేసేవాళ్ళు కాబట్టి లెక్క కొంచెం తగ్గొచ్చు, జరిగింది మాత్రం ఇదే.

రంగు పూతలాంటిదైతే ఇన్నిసార్లు వేసినా పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ ఇది పైపూత కాదు. వెంట్రుక మీద పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన పొలుసులుంటాయి. రంగు మిశ్రమంలోని క్షారం వెంట్రుకని ఉబ్బించి ఆ పెంకుల్ని లేపుతుంది. ఆ సందుల్లోంచి రంగు లేని చిన్న అణువులు లోపలికి దూరతాయి. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలి అవి ఒకదానితో ఒకటి కలిసి, రంగున్న పెద్ద అణువులవుతాయి. దూరిన దారిన ఇక బయటికి రాలేవు. అందుకే తలంటుకున్నా పోదు. కిటుకు బాగుంది, పాతది కూడా. 1907లో యూజీన్ షూల్లెర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త తయారుచేసి అమ్మిన జుట్టు రంగుతోనే లోరియల్ కంపెనీకి పునాది పడింది. అయితే లేచిన పెంకులు ప్రతిసారీ ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ సర్దుకోవు. వెంట్రుకకి పుట్టుకతో వచ్చే సన్నని కొవ్వు పొర మొదటి ఒకటి రెండుసార్లకే చాలావరకు పోతుంది. పెరాక్సైడ్ లోపలి ప్రోటీన్‌ని కూడా కొంచెం కొంచెంగా తింటుంది. కొత్తగా వచ్చిన వెంట్రుక ఒక్కసారి తట్టుకోగలదు. నలభైసార్లంటే ఏం తట్టుకుంటుంది?

అందుకని నేను చెప్పేది ప్రధానంగా ఒక్కటే. కొత్తగా తెల్లగా వచ్చిన మేరకే రంగు. ఐదారు వారాలకి అది ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లకి మించదు. దాని కింద ఉన్న జుట్టుకి రంగు తగలనివ్వడం కూడా దండగే.

అమ్మోనియా లేని రంగు వాడుతున్నా ఇలా ఎందుకయిందని అడిగారు. పెంకులు లేవాలంటే ఏదో ఒక క్షారం ఉండాలి కదా. అమ్మోనియా బదులు వాటిల్లో ఎక్కువగా ఇథనాలమిన్ ఉంటుంది. ముక్కు పగిలే వాసన రాదు, ఆవిరైపోదు, పని మాత్రం అదే. వాసన లేకపోతే సుఖమే, కాదనను. కానీ దాన్ని చూసుకుని ఇది సాధువు అని గంటసేపు తలమీద పెట్టుకోవడం పొరపాటు. పైగా అమ్మోనియా లేనంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు. మూలికల బొమ్మ వేసిన పెట్టెలు కూడా వెనక్కి తిప్పి చదవాల్సిందే.

గంటసేపు ఉంచడం మానండి. రంగు తయారయ్యే పని పెట్టె మీద రాసిన సమయానికి, మామూలుగా అరగంట నుంచి ముప్పావుగంటలో, ముగిసిపోతుంది. ఆ తర్వాత రంగు ముదరదు, క్షారం మాత్రం జుట్టు మీదా మాడు మీదా పని చేస్తూనే ఉంటుంది. పప్పు ఉడికాక కూడా పొయ్యి ఆపకపోతే ఏమవుతుందో మీకు తెలుసు.

కణతల దగ్గర పట్టకపోవడానికి కారణం సమయం కాదు. అక్కడి తెల్లవెంట్రుకలు చాలామందికి బిరుసుగా ఉంటాయి, పొలుసులు దగ్గరగా అంటుకుని ఉంటాయి, రంగుని లోపలికి తొందరగా రానివ్వవు. దానికి తోడు మనం చేసే పని ఒకటుంది. నడినెత్తి నుంచి మొదలుపెట్టి, ఓపికా రంగూ రెండూ అయిపోయాక చివర్లో కణతలకి బ్రష్షుతో రెండు గీతలు గీస్తాం. వరస తిరగెయ్యండి. ముందు కణతలు, నుదుటి అంచు, పాపిడి. అక్కడ వెంట్రుక కనపడనంత దళసరిగా పెట్టి, మీద ఒక దూది పట్టీ ఒత్తండి, రంగు ఆరిపోకుండా, కిందికి జారకుండా ఉంటుంది. వెనకభాగం చివర్లో. తెలుపు మొండికేసిందని ఎక్కువ ఘాటున్న డెవలపర్, అంటే రంగులో కలిపే పెరాక్సైడ్ మిశ్రమం, కొనకండి. తెల్లజుట్టు కప్పడానికి 6 శాతం పెరాక్సైడ్, అంటే 20 వాల్యూమ్ అని రాసి ఉండేది, చాలు. 9 శాతం, 12 శాతంవి జుట్టు రంగుని తేలిక చెయ్యడానికి. తెలుపు కప్పడంలో వాటివల్ల ఒరిగేదేం లేదు, జుట్టు కాలడం తప్ప.

ఇక చేసే విధానం. ఆ రోజు తలంటుకోకండి. ముందురోజు తలంటుకుని ఉంటే మాడు మీద సహజంగా ఊరే జిడ్డు కాస్త అడ్డంగా ఉంటుంది. అలాగని నూనె ఓడేలా పెట్టుకుని కూర్చుంటే రంగు పట్టదు. మాడు మీద పుండో, గోకిన గీరో ఉంటే ఆ వారం రంగు లేదు. చిక్కు తీసి, నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక పెట్రోలియం జెల్లీ రాయండి. ఇప్పటికే రంగున్న పొడవంతటికీ మామూలు కండిషనర్ పట్టించండి. పొరపాటున రంగు జారినా, కడిగేటప్పుడు కిందికి వచ్చినా అది అడ్డుపడుతుంది. ఈ ఒక్క పనే మీ చివర్లకి సగం మేలు చేస్తుంది. కండిషనర్ మాత్రం మొదళ్ళకి తగలకూడదు. గాజు గిన్నెగానీ ప్లాస్టిక్ గిన్నెగానీ తీసుకోండి, లోహపు గిన్నె వద్దు. చేతి తొడుగులు వేసుకోండి. జుట్టుని నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క భాగంలో వేలి మందాన పాయ తీస్తూ, పాయకి రెండువైపులా బ్రష్షుతో తెల్లగా ఉన్నంత మేరే అద్దండి. మాడుకి పులమక్కర్లేదు. వేడి టోపీలు, హెయిర్ డ్రయ్యర్లు ఏమీ వద్దు, మాడు వెచ్చదనమే ఎక్కువ. కనుబొమలకీ, రెప్పల వెంట్రుకలకీ ఈ రంగు ఎప్పుడూ, ఎంత చిన్న చుక్కయినా వద్దు, కళ్ళు పోయే ప్రమాదం ఉంది.

మిగిలిన మిశ్రమం పారబోయండి. ఇది అనుభవంతో చెప్తున్నాను. మొదట్లో సగం సీసా మిగిలిందని మూత బిగించి స్నానాలగదిలో పెట్టాను, వచ్చే నెలకి ఉంటుందని. పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుందని అప్పుడు నాకు తెలీదు. రాత్రి ఠప్పుమని చప్పుడైతే పిల్లి అనుకున్నాను. పొద్దున్న చూస్తే మూత ఒకచోట, సీసా ఒకచోట, పైకప్పు నిండా ముదురు గోధుమరంగు మచ్చలు. రెండుసార్లు సున్నం వేయించినా వాటిలో ఒకటి ఇంకా నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

కడిగేముందు కొన్ని చుక్కల గోరువెచ్చని నీళ్ళు చల్లి వేళ్ళతో మెత్తగా రుద్దితే రంగు తేలిగ్గా వదులుతుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, పెట్టెలో ఇచ్చిన కండిషనర్ పెట్టండి. ఆ కండిషనర్లు ఎక్కువగా కొంచెం ఆమ్లగుణంతో ఉంటాయి, ఉబ్బిన వెంట్రుక మళ్ళీ అణగడానికి సాయం చేస్తాయి. తర్వాత రెండు మూడు రోజులు షాంపూ జోలికి పోకండి.

పొడవు వెలిసినట్టు కనిపిస్తే ఏం చెయ్యాలి అంటారా, నిజంగా వెలిసినప్పుడు, నాలుగైదు నెలలకోసారి, డెమీ పర్మనెంట్ అని రాసి ఉండే తేలికపాటి రంగు వాడొచ్చు. అందులో పెరాక్సైడ్ తక్కువ, జుట్టు అసలు రంగుని తేలిక చెయ్యదు, కొన్ని వారాల్లో మెల్లగా వెలిసిపోతుంది. తెలుపు తక్కువున్నవాళ్ళకి మొదళ్ళకి కూడా ఇదే మంచిది. పెరిగినప్పుడు గీత గీసినట్టు ఉండదు. తెలుపు సగానికి మించితే పూర్తిగా కప్పదు, కలిపేస్తుంది. అయితే ఇందులోనూ అదే జాతి రసాయనాలుంటాయి కాబట్టి ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఇదీ నిషిద్ధమే.

మూడు వారాలకే తెల్లగీత కొట్టొచ్చినట్టు కనపడటానికి పెరుగుదలతో పాటు మీరు ఎంచుకున్న కాటుక నలుపు కూడా కారణం. అంత నలుపు పక్కన రెండు మిల్లీమీటర్ల తెలుపు కూడా సున్నపు గీతలా ఉంటుంది. ముదురు గోధుమరంగుకి దిగండి. పెట్టెల మీద అంకెలుంటాయి. చాలా కంపెనీలకి 1 అంటే నలుపు, 3 అంటే ముదురు గోధుమ, 4 అంటే మధ్యస్థ గోధుమ. చుక్క తర్వాత వచ్చే అంకె ఛాయ. తెలుపు కప్పడానికి అక్కడ సున్నా ఉన్నది, అంటే సహజఛాయది తీసుకోండి. ఎరుపు కలిసిన ఛాయలు ఒక్కటే వేస్తే తెల్లవెంట్రుకల మీద మరీ ఎర్రగా తేలతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, రంగు మీద వేసిన రంగు పాతదాన్ని తేలిక చెయ్యలేదు. కాబట్టి కొంతకాలం మొదళ్ళు గోధుమగా, కింద నల్లగా ఉంటాయి. ఆ తేడా దూరానికి కనపడదు. దాన్ని సరిచెయ్యాలని ఇంట్లో బ్లీచ్ మాత్రం పెట్టకండి, ఇప్పుడున్న స్థితిలో మీ జుట్టు చేతికొచ్చేస్తుంది. జుట్టు సాఫీగా చేసే మందులు వాడే ఆలోచన ఉంటే రంగుకీ దానికీ కనీసం రెండు వారాల ఎడం ఇవ్వండి.

మధ్యలో వచ్చే గీతకి రంగు వెయ్యక్కర్లేదు. మొదళ్ళకి అద్దుకునే పొడులు, పుల్లలు దొరుకుతున్నాయి, తలంటుకుంటే పోతాయి. పాపిడిని ఒకే చోట తియ్యకుండా కాస్త వంకరటింకరగా తీసినా ఒక వారం గడిచిపోతుంది. ఇలా మూడు వారాల్ని ఆరు చేశారంటే ఏడాదికి పదిహేడుసార్లు వేసే రంగు తొమ్మిదిసార్లకి దిగుతుంది.

ఇప్పుడు మీ అక్కగారి సలహా. ఆవిడ సగం సరిగ్గా చెప్పారు. అసలైన గోరింటాకు పొడిలో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. పెంకులు లేపే పని లేకుండానే అది వెంట్రుక ప్రోటీన్‌కి అంటుకుంటుంది. పెరాక్సైడ్ లేదు, కాల్చే క్షారం లేదు. కానీ తెల్లజుట్టు మీద అది నారింజ ఎరుపు. నలుపు కావాలంటే రెండో అంకం ఆడాలి. గోరింటాకు రెండు మూడు గంటలుంచి కడిగేశాక, నీలిచెట్టు ఆకుపొడి, అదే ఇండిగో, నీళ్ళలో కలిపి పావుగంట ఆగి వెంటనే పట్టించి, ఇంకో గంట రెండు గంటలు ఉంచాలి. కడిగిన రోజున రంగు ఎటూ కాకుండా ఉండి భయపెడుతుంది, రెండు రోజుల్లో గాలి తగిలి ముదురుతుంది. సగం రోజు పోతుంది, స్నానాలగది అంతా బురద, జుట్టు కొన్నాళ్ళు గరుగ్గా అనిపిస్తుంది. ఓపిక లేదని రాసింది మీరే, ఆలోచించుకోండి. ఇక్కడా మొదళ్ళకే వేసుకోవాలి. పొడవంతా ప్రతిసారీ పూస్తే పొరలు పేరుకుని బిరుసెక్కుతుంది.

ఆవిడ చెప్పని సగం ఏమిటంటే, గోరింటాకు పేరుతో అమ్మేదంతా గోరింటాకు కాదు. గోరింటాకు ఒంటరిగా ఎప్పుడూ నల్లగా పండదు. అరగంటలో నల్లబరిచే ‘నల్ల గోరింటాకు’ ఏదైనా సరే అనుమానించాల్సిందే, చాలాసార్లు అందులో ఉండేది పీపీడీయే. చేతుల మీద వేసే నల్ల గోరింటాకు బొమ్మలతో పీపీడీ ఎలర్జీ తగిలించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. కొన్ని పొడుల్లో లోహపు లవణాలు కలుపుతారు. వాటి మీద తర్వాత పెరాక్సైడ్ రంగు పడితే వేడెక్కి జుట్టు తెగిపోవచ్చు. అందుకే ఏ పొడి వాడినవాళ్ళయినా మళ్ళీ పెట్టె రంగుకి వచ్చేముందు దువ్వెనకి ఊడొచ్చిన నాలుగు వెంట్రుకల్ని ఆ మిశ్రమంలో వేసి చూడాలి. నురగ, వేడి, వింతరంగు ఏది కనపడినా మానెయ్యాలి. పెట్టె వెనక లాసోనియా ఇనెర్మిస్ అనే ఒక్క పేరే ఉంటే అది అసలు గోరింటాకు, ఇండిగోఫెరా టింక్టోరియా అంటే నీలి. జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం, ఉన్నవాళ్ళు మాత్రం గోరింటాకు కూడా డాక్టర్ని అడిగాకే, ఎర్ర రక్తకణాలు విరిగే ప్రమాదం ఉంది.

చివరగా ఆ పీచు. చిట్లిన కొసని తిరిగి అతికించే మందు లేదు. సీరమ్‌లు, కండిషనర్లు నునుపు చేస్తాయి, తలంటుకోగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక రెండంగుళాలు కత్తిరించేయండి. కత్తిరించకపోతే చీలిక పైకి పాకుతూ ఉంటుంది. తలంటుకునే ముందు కొబ్బరినూనె పట్టించే అలవాటు ఉంటే మానకండి. అది వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుందని 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది, అదే పరీక్షలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చెయ్యలేకపోయాయి. తడిజుట్టుని సన్నపళ్ళ దువ్వెనతో లాగకండి, ఉబ్బి ఉన్నప్పుడు సాగి తెగుతుంది.

డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ అయ్యేలోపు ఎక్కడికైనా వెళ్ళాల్సి వస్తే నేను చెప్పిన మొదళ్ళ పొడి అద్దుకుని వెళ్ళండి. పెట్టె మీద ఐరన్ ఆక్సైడ్ లాంటి ఖనిజ వర్ణాలు మాత్రమే ఉన్నది చూసి తీసుకోండి. కణతల దగ్గర కొంచెం ఎక్కువ అద్దాలి. చెమట పడితే రుమాలుకి అంటుతుంది కాబట్టి తెల్ల రుమాలు పట్టుకెళ్ళకండి.